ఈశాన్యం గుంట

నన్ను చూసి కోడిగుడ్ల అట్ట అనుకున్నవాళ్ళున్నారు. పొంగణాల పెనం అనుకున్నవాళ్ళున్నారు. ఒక హెడ్ కానిస్టేబుల్ అయితే నన్ను పైకెత్తి అడుగు నుంచి చూసి, "ఇదేందయ్యా, ఐసుగడ్డలు పోసుకునేదా?" అన్నాడు. కాదు నాయనా. నేను ఒక నారు ట్రేని. నల్ల ప్లాస్టిక్కు ఒళ్ళు, తొంభై ఎనిమిది గుంటలు, ఒక్కో గుంట అడుగున నీళ్ళు కారిపోవడానికి ఒక చిల్లి. గింజ నాలో మొలిచి, నాలుగాకులు తొడిగి, నన్ను విడిచి పొలానికి వెళ్ళిపోతుంది. వెళ్ళినవి తిరిగి రావు, రావాలని నేనూ అనుకోలేదు. ప్రస్తుతం గుంటూరులో ఒక కోర్టు వెనకాల, రేకుల షెడ్డు పక్కన, తుప్పు పట్టిన సైకిళ్ళ మీద పడి ఉన్నాను. నా మెడలో ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఎం.ఓ. 3 అని రాసి ఉంది. అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన మూడో వస్తువునట.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు, కాళ్ళు విరిగిన కుర్చీలు కరిగించి, నల్లరంగు కలిపి, అచ్చులో నొక్కితే నేను పడ్డాను. నాలాంటివాళ్ళని ఇరవై ఐదు మందిని ఒకరిలో ఒకరిని దూర్చి, తాడు కట్టి, వెలగలపాడులో నాంచారమ్మ నర్సరీ ముందు దించారు. రెండు పంటకార్లు వాడి పారెయ్యమని నా కాగితం మీద అచ్చేసి ఉంది. నాంచారమ్మకి చదువు రాదు. అందువల్ల నేను తొమ్మిదేళ్ళు బతికాను.

మిరపనారు పెంచే నర్సరీలు ఆ చుట్టుపక్కల బోలెడు. అయినా రైతులు నాలుగు నర్సరీలు దాటుకుని మరీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. కారణం ఆవిడ చెయ్యి. నాంచారమ్మ చెయ్యి మంచిదని ఆ దరిదాపుల్లో అందరూ ఒప్పుకున్న మాట. విత్తనాల పొట్లం తెచ్చిన ప్రతి రైతూ ముందు దాన్ని ఆవిడ చేతిలోనే పెట్టేవాడు. "మొదటి గింజ నువ్వెయ్యి నాంచారమ్మా, మిగతావి కూలోళ్ళు ఏసుకుంటారు" అనేవాడు. ఆవిడ కొబ్బరిపొట్టు నింపిన ట్రేని ముందు పెట్టుకుని, ఈశాన్యం మూల గుంటలో బొటనవేలితో నొక్కి, ఆ పల్లంలో గింజ వేసి, కళ్ళు మూసుకునేది. ఏమనుకునేదో పెదాలు కదలడమే గాని పైకి వినిపించేది కాదు.

ఆ బొటనవేలు కొన కొంచెం వంకర. చిన్నతనంలో బావి గిలకలో పడి నలిగిందట. అందుకే ఆవిడ నొక్కిన గుర్తు గుండ్రంగా పడదు, ఎడమవైపుకు జారినట్టు పడుతుంది. ఎన్ని వేళ్ళు కలిపి పెట్టినా ఆ వేలిని నేను పోల్చుకోగలను. మూడో ఏడు నా మూల ఒకటి ఫట్టున విరిగింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ రవిక కుట్టుకునే ఎర్రదారంతో నన్ను కుట్టింది. అప్పటిదాకా నన్ను ఎటు తిప్పి పెడితే అటే ఈశాన్యం. ఆ రోజు నుంచీ కుట్టు వేసిన మూలే నాకు ఈశాన్యమని ఆవిడ ఖాయం చేసింది. పదిమందిలో ఒకడిగా పుట్టినవాడికి అంతకంటే గౌరవం ఏం కావాలి?

ఆవిడకి ఇంకొక అలవాటు ఉండేది. నారు తీసే రోజు ఎవరు నోరు తెరిచి అడిగినా, దారిన పోయేవాళ్ళయినా సరే, రెండు మొక్కలు చేతిలో పెట్టకుండా పంపేది కాదు. లేదని పంపిస్తే మిగతా నారు దిగులుతో వాడిపోతుందని ఆవిడ నమ్మకం. మంచి నమ్మకమే. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది.

ఆవిడకి ఉన్నది ఒక్కడే తమ్ముడు, పున్నారావు. తల్లి పోయేనాటికి వాడింకా పాలు మానలేదు. వాణ్ణి పెంచడంలో పడి, పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "వీడు పది దాటనీ" అంది, తర్వాత "డిగ్రీ కానీ" అంది. డిగ్రీ అయ్యేసరికి అడిగేవాళ్ళు అయిపోయారు. ఆవిడ దానికి ఏడ్చిందీ లేదు, ఎవరికీ చెప్పుకున్నదీ లేదు. నర్సరీకి ఎవరొచ్చినా మిరపనారు సంగతి సగం, తమ్ముడి సంగతి సగం మాట్లాడేది.

పున్నారావు బెంగుళూరులో మట్టి లేకుండా నీళ్ళలోనే ఆకుకూరలు పెంచే కంపెనీలో మూడేళ్ళు పనిచేసి, సొంతంగా పెడతానని గుంటూరు వచ్చేశాడు. సుభాషిణి గారనే ఆవిడ ఇంట్లో పై పోర్షను అద్దెకు తీసుకున్నాడు. గది నిండా తెల్ల గొట్టాలు, గొట్టాలకు చిల్లులు, చిల్లుల్లో జల్లెడ గిన్నెలు, లోపల గలగలా తిరిగే నీళ్ళు, పైన ఊదారంగు లైట్లు. అందులో పండించిన విదేశీ ఆకు గుంటూరులో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకసారి అక్కకి ఒక కట్ట తెచ్చిస్తే ఆవిడ పప్పులో వేసింది. అది కరిగి మాయమైంది. "ఇంత హంగామా చేసి పెంచింది ఇదేంట్రా, నోటికి తగలనే లేదు" అని నవ్వింది. ఆ నవ్వుకి వాడు నెలరోజులు ఫోన్ చెయ్యలేదు.

చేసినప్పుడు గొంతులో తేనె కారింది. ఆవిడ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెట్టేది గనక నర్సరీలో అందరం విన్నాం.

"అక్కా, కొత్తరకం గింజలొచ్చినయ్యి. రెండుసార్లు ఏశాను, ఒక్కటీ మొలవలా. నువ్వొచ్చి నీ చేత్తో మొదటి గింజ ఏసి పోవా?"

"ఏం గింజలురా?"

"గోంగూరక్కా. ఫారిన్ గోంగూర."

కావాల్సినవన్నీ అడక్కముందే అందిన మనిషికి అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు. వాడు నోరు తెరిచి అక్కని ఒకటి అడగడం అదే మొదలు. ఆవిడ నన్ను సబ్బు పెట్టి తోమింది. కొత్త తువ్వాలులో చుట్టి, ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కసీటు మనిషి అడక్కుండానే, "మా తమ్ముడు పిలిచాడండీ, నా చెయ్యి కావాలంట" అని చెప్పుకుంది.

పై పోర్షనులో వాడి సరంజామా చూసి నాకే కళ్ళు తిరిగాయి. నీళ్ళ వేడి చూసేది ఒకటి, గాలిలో చెమ్మ చూసేది ఒకటి, నీళ్ళ పులుపు కొలిచే పెన్ను ఒకటి. లేనిదల్లా ఓపిక. గింజ వేసిన మర్నాటి నుంచే మొలిచిందా లేదా అని పుల్లతో కెలికి చూసుకునేవాడట. రోజుకు మూడుసార్లు దుప్పటి లాగి చూస్తే ఏ బిడ్డ నిద్రపోతుంది?

నాంచారమ్మ గింజలు అరచేతిలో పోసుకుంది. బూడిదరంగు మీద చారలున్నాయి. "గోంగూర గింజ నల్లగా, పలకలుగా ఉంటది గదరా. ఇయ్యి గుండ్రంగా ఉన్నయ్యేంది?" అంది.

"చెప్పాగదక్కా, ఫారిన్ రకమని."

ఆవిడ మళ్ళీ అడగలేదు. కుట్టు మూలని ఈశాన్యానికి తిప్పింది. వంకర బొటనవేలితో నొక్కి, గింజ వేసి, కళ్ళు మూసుకుంది. ఆ గదిలో పంపు చప్పుడు తప్ప ఇంకే సందడీ లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఏమనుకుంటుందో ఆ రోజే నాకు వినిపించింది. "మొలువు తల్లీ. మావాడి మొహం నిలబెట్టు."

అరవై గింజలు వేస్తే అరవయ్యీ మొలిచాయి. అందులో నా గొప్పేమీ లేదు. నాకు గోంగూరైనా ఒకటే, గులాబీ అయినా ఒకటే. నాలో పడ్డది ఏదో నేనెప్పుడూ అడగలేదు. అడగగలిగిన నోరుంటే ఆ ఒక్కసారి అడిగి ఉండేవాణ్ణి.

పదో రోజున మొలకలను గొట్టాల్లోకి మార్చడానికి ఆవిడ మళ్ళీ వచ్చింది. వచ్చేసరికి పున్నారావు బెంగుళూరు స్నేహితులకు ఫోనులో నన్ను చూపిస్తున్నాడు. "మా అక్క ఏసిందిరా! మా అక్క చెయ్యి పడితే రాయి కూడా మొలుస్తది" అంటున్నాడు. గుమ్మంలో నిలబడి ఆ మాట విన్న నాంచారమ్మ మొహాన్ని నేను చూశాను. వాణ్ణి పెంచినందుకు ఆవిడకి ముట్టిన ఫలం మొత్తం మీద ఆ ఒక్క మాటే. కళ్ళొత్తుకుంది. తర్వాత నా ముందు కూర్చుని ఒక మొలకని వేళ్ళ మధ్య పట్టుకుంది. ఆ వేళ్ళు కాసేపు ఆగిపోయాయి. ఆకు అంచుకి రంపంపళ్ళు ఉన్నాయి, కాడలో ఎరుపు లేదు. ముప్ఫై ఏళ్ళుగా నారు పోస్తున్న చెయ్యి అది. దానికి తెలిసింది. కానీ ఆవిడ తన చెయ్యి మాట కాకుండా తమ్ముడి మాట విన్నది.

వెళ్ళేటప్పుడు కింద వాకిట్లో సుభాషిణి గారు పలకరించడం కిటికీలోంచి విన్నాను. "పైన ఏం పెంచుతున్నారమ్మా, రాత్రీ పగలూ లైట్లు?" అని. "గోంగూరండీ. కొత్తరకం" అంది నాంచారమ్మ సంబరంగా. "అయితే నాకూ రెండు మొక్కలు పెట్టకూడదూ?" అన్నారావిడ. ఇక చెప్పేదేముంది? నాంచారమ్మ గబగబా పైకి వచ్చి, పున్నారావు స్నానం చేస్తుండగా, చివర్న మిగిలిన రెండు మొలకలను తడిగుడ్డలో పెట్టుకుని వెళ్ళి, సుభాషిణి గారి గేటు పక్కన తొట్టిలో తన చేత్తోనే నాటి, నీళ్ళు పోసి వెళ్ళింది. తమ్ముడికి చెప్పలేదు. నారు ఇవ్వడం కూడా ఒకరికి చెప్పి చేసే పనా?

ఆవిడ చేత్తో నాటింది ఏపుగా పెరగకుండా ఉంటుందా? తర్వాత జరిగింది పంచనామా చదువుతుంటే విన్నాను. మీరూ అదే భాషలో వినండి. 'సదరు సుభాషిణి సదరు మొక్క ఆకులు కొన్ని కోసి పప్పులో వేయగా, పులుపు బొత్తిగా లేనందున, సదరు విషయం భోజనానికి వచ్చిన తన మరిదికి చెప్పగా, పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన సదరు మరిది తొట్టి వద్దకు వెళ్ళి చూసి...' నీళ్ళ పులుపు కొలవడానికి పెన్ను కొనుక్కున్న పున్నారావు, గోంగూరకి పులుపుండాలన్న సంగతి మర్చిపోయాడు.

పోలీసులు వచ్చింది పట్టపగలు. రెండో విడత గింజలకి మొదటి గింజ వెయ్యమని వాడు పిలిస్తే నాంచారమ్మ ఆ పొద్దున్నే వచ్చింది. క్యారేజీలో తన పెరటి గోంగూరతో చేసిన పప్పు తెచ్చింది. నా గుంటలన్నీ తడి కొబ్బరిపొట్టుతో నింపింది. కుట్టు మూల తిప్పుకుని, ఈశాన్యం గుంటలో బొటనవేలు నొక్కింది. గింజ ఇంకా వెయ్యలేదు. తలుపు తట్టారు.

గొట్టాల్లో మొక్కలు అప్పటికి మోకాలెత్తు పెరిగాయి. ఎస్సై వాటిని చూసి, మమ్మల్నందర్నీ చూసి, "గంజాయి ఎవరేశారు?" అన్నాడు.

ఆ మాట వినగానే నాంచారమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు లైట్ల వైపు చూశాడు.

"మిమ్మల్నే. ఎవరేశారు?"

"మా అక్కేసిందండీ" అన్నాడు పున్నారావు. "నర్సరీ వాళ్ళది. ట్రే కూడా ఆవిడదే."

గుమ్మంలో నిలబడి ఆవిడ విన్న మాటే అది. నలభై రోజులు కూడా తిరగలేదు. మాట అదే, నోరూ అదే. అందులో అబద్ధం కూడా లేదు. నాంచారమ్మ తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది. బొటనవేలికి కొబ్బరిపొట్టు అంటుకుని ఉంది. కొంగుకి తుడుచుకుని, "అవునండీ, నేనే ఏశాను" అంది.

జీపులో నన్ను వాళ్ళిద్దరి కాళ్ళ మధ్య పెట్టారు. ముందు సీట్లో ఎస్సై ఫోన్ మాట్లాడుతున్నాడు. పున్నారావు అక్క చెవి దగ్గరికి వంగాడు. "గోంగూరని నువ్వే చెప్పావని చెప్పక్కా. ఆడమనిషివి, చదువు లేనిదానివి, నిన్నేం చెయ్యరు. నాకైతే జీవితం పోద్ది" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, దూరమవుతున్న ఇంటి వైపు చూసింది. చివరికి, "క్యారేజీ అక్కడే ఉండిపోయిందిరా. పప్పు పాడైపోద్ది" అంది. వాడు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. మనుషుల తెలివి చూసి నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను గాని, అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

తర్వాత నన్ను గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, ఒక చీకటి గదిలో పెట్టారు. అక్కడ పక్కన ఒక గొడ్డలి, అవతల ఒక కుక్కరు ఉండేవి. ఏడాదిన్నర పైన అక్కడే ఉన్నాను. ఒకటే ఆలోచన. ఇది ఎప్పుడో తేలిపోతుంది, ఆవిడ వస్తుంది, నన్ను సబ్బు పెట్టి తోముతుంది, మిరపకారు అందుకుంటాం. నన్ను మీరు వెర్రివాడనుకోవచ్చు. గింజలు మొలుస్తాయని నమ్మడం తప్ప నాకు వేరే పని నేర్పలేదు ఎవరూ.

ఒక రోజు సీలు విప్పి నన్ను కోర్టు బల్ల మీద పెట్టారు. పొట్టు ఎండి గట్టిపడింది గాని చెక్కు చెదరలేదు. ఈశాన్యం గుంటలో ఎడమవైపుకు జారిన పల్లం అలాగే ఉంది. ఎదురుగా అక్కాతమ్ముళ్ళిద్దరూ నిలబడ్డారు. వాడు బెయిలు మీద బయటే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆవిణ్ణి జైలు నుంచి తీసుకొచ్చారు. సగమైపోయింది.

జడ్జిగారు ముందు వాణ్ణి అడిగారు. వాడు చేతులు కట్టుకుని, గొంతు వణక్కుండా చెప్పాడు. "నాకేం తెలీదండీ. గోంగూర అని మా అక్కే చెప్పింది. నేను నమ్మానండీ."

తను అక్కకి చెప్పిన అబద్ధాన్ని మడతపెట్టి మళ్ళీ ఆవిడ నోట్లోనే కుక్కాడు. సుభాషిణి గారు ఆ ముందే వచ్చి, గోంగూర అని తనతో చెప్పింది నాంచారమ్మేనని, మొక్కలు నాటింది కూడా ఆవిడేనని సాక్ష్యమిచ్చి పోయారు. పాపం, ఆవిడా నిజమే చెప్పింది. అప్పటిదాకా ఆ కేసులో అందరూ నిజాలే చెప్పారు. వాడు చెప్పిన ఆ ఒక్క మాట తప్ప.

జడ్జిగారు కళ్ళజోడు తీసి, "చూడమ్మా, అతను చెప్పింది నిజమేనా? ఆలోచించుకుని చెప్పు. గోంగూర అని నువ్వే చెప్పావా?" అని అడిగారు. మెత్తగానే అడిగారు. ఒక తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగారు. నేను బల్ల మీద నుంచి అరిచాను, కాదని చెప్పు నాంచారమ్మా, ఫోను స్పీకరులో నేనూ విన్నానని చెప్పు అని. ప్లాస్టిక్కు అరుపు ఎవరికి వినిపిస్తుంది?

ఆవిడ తమ్ముణ్ణి చూసింది. చూపులో కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. బడికి పంపేటప్పుడు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడో లేదో చూసినట్టు చూసింది.

"అవునండీ. నేనే చెప్పాను."

"ఈ ట్రే నీదేనా?"

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఎర్రదారం కుట్టు మీద వేలు పెట్టింది. ఆ వేలు పక్కకి జరిగి ఈశాన్యం గుంట అంచు దాకా వచ్చి, లోపలికి దిగకుండా ఆగింది. "నాదేనండీ" అంది.

వాణ్ణి వదిలేశారు. ఆవిడకి నాలుగేళ్ళు వేశారు. వరండాలో బెంచీ మీద నన్ను పెట్టి గుమాస్తా ఏదో రాసుకుంటుంటే, వెలగలపాడు నుంచి వచ్చిన రైతులిద్దరు పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. వాళ్ళ నారు కూడా నాలో పెరిగిందే. "ఇన్నేళ్ళూ ఆ చేత్తోనా మనం గింజ ఏయించుకుంది!" అన్నాడొకడు. రెండోవాడు తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై ఏళ్ళ మంచి చెయ్యి ఆ వరండాలో ఒక్క మాటతో చెడ్డదైపోయింది.

వాళ్ళు వెళ్ళాక పున్నారావు సంతకం పెట్టడానికి వచ్చాడు. గుమాస్తా నన్ను వాడి ముందుకు నెట్టి, "ఇది మీ అక్కదేగా? ఒక అర్జీ పెట్టుకుంటే ఇచ్చేస్తారు, తీసుకెళ్ళండి" అన్నాడు. వాడు నన్ను రెండు చేతులా ఎత్తాడు. ఈశాన్యం గుంటలో పల్లాన్ని చూశాడు. వాడికి తెలుసు అది ఎవరి వేలో. ఆ వేలు పట్టుకునే కదా నడక నేర్చింది. ఇప్పుడైనా ఒక మాట వస్తుందనుకున్నాను.

"మాది కాదండీ" అని కింద పెట్టేశాడు.

అలా ఈ సైకిళ్ళ మీదకి వచ్చి పడ్డాను. వారం నుంచి వాన పట్టింది. మట్టి చినుకులకి చింది నా గుంటల్లో పడుతోంది, పిట్టలు ఏవేవో గింజలు రాలుస్తున్నాయి. చాలా గుంటల్లో పచ్చగా గడ్డి తల ఎత్తింది. పుట్టినప్పటి నుంచీ నేను కోరుకున్నది అదే, ఏది పడినా మొలవాలని. కానీ ఈ ఎర్రదారం మూల గుంటలో మాత్రం ఏమీ మొలవకూడదని కోరుకుంటున్నాను. అక్కడ మొలక లేస్తే నాంచారమ్మ వేలిగుర్తు చెరిగిపోతుంది.